సున్నపు కుంచె నుంచి అక్రిలిక్ రంగు దాకా: అమెరికా ఇంటి గోడ కథ

పండుగ వస్తోందంటే ఇంటికి వెల్ల వేయించడం తెలుగునాట ఎంత పాత ఆచారమో ఈ సంచిక పాఠకులకు వేరే చెప్పనక్కర లేదు. సంక్రాంతి నెల పట్టగానే సున్నం నానబెట్టడం, తెలుపు మెరవడానికి చిటికెడు నీలిమందు, చేతికి అంటకుండా కాస్త బంక కలపడం, పీచు కుంచెతో రెండు చేతులు పూయడం, గోడ అడుగున జాజు పట్టీ తీర్చడం మన పెద్దలందరూ చేసిన పనులే. అందులో మనం అప్పుడు గమనించని గుణం ఒకటుంది. తడి సున్నం ఆరుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని తిరిగి సున్నపురాయిగా మారుతుంది. గోడ మీద నుంచి గాలిలోకి పోయేది ఒట్టి నీటి ఆవిరి. బట్టీలో గుల్ల కాల్చేటప్పటి పొగ మాట వేరు గాని, గోడకు పూసిన తరువాత మాత్రం ఇంత నిరపాయమైన పూత మరొకటి లేదు. దాని లోపం కూడా అందరికీ తెలిసిందే. రెండు వానలు గట్టిగా కురిస్తే పడమటి గోడ వెలిసిపోతుంది. అందుకే అది ఏటేటా చేసుకోవలసిన పండుగ పని అయింది. తరువాత వచ్చిన డిస్టెంపరు, సిమెంటు రంగులు దాన్ని కొంత మార్చాయి గాని పూర్తిగా మాన్పించలేదు.

అమెరికాలో సమస్య దీనికి సరిగ్గా తలకిందులు. ఇక్కడి ఇల్లు ప్రధానంగా కర్రతో కట్టిన ఇల్లు. కర్ర తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. దాని మీద సున్నం నిలవదు. పైగా కూలి ఖరీదు, ఏటేటా రంగు వేయించే స్తోమత ఎవరికీ ఉండదు. కాబట్టి ఇక్కడివారు మొదటినుంచీ కోరుకున్నది ఒక్కటే: మంచు, ఎండ, వాన తట్టుకొని ఎక్కువేళ్ళు నిలిచే రంగు. ఆ కోరిక తీర్చుకోవడానికి ఏమేమి గాలిలోకి, మట్టిలోకి, పిల్లల ఒంట్లోకి పోనిచ్చారో, తిరిగి దాన్ని ఎలా వెనక్కి లాక్కుంటూ వచ్చారో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మన కుటుంబాల్లో చాలామంది పాత ఇళ్ళు కొనుక్కుంటున్నారు గనుక ఇది ఒట్టి చరిత్ర మాత్రమే కాదు.

సఫేదా రాజ్యం

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా ఇంటి రంగు అంటే రెండే రెండు పదార్థాలు: సీసపు తెలుపు, అవిసె నూనె. మన వడ్రంగులు సఫేదా అని పిలిచేది ఈ తెలుపునే. దీన్ని పూర్వులు తెలివితక్కువతనంతో వాడారనుకోవడం పొరపాటు. సీసం అవిసె నూనెతో కలిసి ఒక రకమైన సబ్బుగా మారుతుంది. ఆ సబ్బు వల్ల పూత బిరుసెక్కకుండా, కర్రతో పాటు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. కాలం గడిచేకొద్దీ పెచ్చులుగా ఊడక, పైపైన పొడిలా అరిగిపోతుంది. మళ్ళీ రంగు వేయాలంటే దులిపి వేయడమే. అంటే మన్నిక విషయంలో అది నిజంగానే గొప్ప రంగు. దాని అపాయమంతా ఆ మన్నికలోనే దాగి ఉంది. అరిగిన ఆ పొడి ఎక్కడికి పోతుంది? గోడ కిందనున్న మట్టిలోకి. అరుగు మీద ఆడుకునే పసివాడి చేతికి.

ఈ రంగుల వ్యాపారంలో కల్తీ విపరీతంగా ఉండేది. దాని మీద మొదటి దెబ్బ తీసింది మనలో చాలామంది పిల్లలు చదువుకోవడానికి వెళ్ళే ఫార్గో ఊరు. నార్త్ డకోటా వ్యవసాయ కళాశాలలో ఎడ్విన్ లాడ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. తరువాతి కాలంలో ఆయన అమెరికా సెనేటుకు కూడా వెళ్ళాడు. ఆయన పట్టుదలతో 1905లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. డబ్బాలో ఏముందో డబ్బా మీద రాయాలన్నది దాని సారాంశం. రంగుల కంపెనీలు ఊరుకోలేదు. చికాగోకు చెందిన హీత్ అండ్ మిలిగన్ కంపెనీ కోర్టుకెక్కింది. వ్యవహారం సుప్రీం కోర్టు దాకా వెళ్ళి, 1907లో చట్టమే నెగ్గింది. అదే కాలంలో ఆ కళాశాల ఆవరణలో కంచెలు కట్టి, వాటికి రకరకాల రంగులు పూసిన పలకలు బిగించి, ఏళ్ళ తరబడి ఎండకు వానకు వదిలేశారు. ఏ రంగు ఎన్నాళ్ళు నిలుస్తుందో వ్యాపారి మాట మీద గాక కంటితో చూసి చెప్పే పద్ధతి అది. అక్కడ 1905లో మొదలైన రంగుల రసాయన శాస్త్ర బోధనే ఈ దేశంలో ఆ శాస్త్రానికి తొలి పాఠశాల. ఇప్పటి నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీలో పూతలు, పాలిమర్ల విభాగంగా అది కొనసాగుతూ వచ్చింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. లాడ్ గారి చట్టం ప్రకారం పేరు రాయకుండా అమ్ముకోదగిన స్వచ్ఛమైన సరుకుల్లో మొదటిది సీసపు తెలుపు! స్వచ్ఛత అంటే కల్తీ లేకపోవడమే గాని విషం లేకపోవడం కాదు ఆనాటి వారికి.

విషం సంగతి తెలియక కాదు. 1904లోనే ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ కంటి వైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్, తన దగ్గరకు వస్తున్న పిల్లల జబ్బుకు మూలం ఇంటి వరండా కటకటాలకు వేసిన రంగేనని రాశాడు. ఎండకు పొడిబారిన ఆ రంగు పిల్లల చేతులకంటి నోట్లోకి పోతోందని ఆయన పట్టుకున్నాడు. అంటే ఈ సీసపు కథ ఇంటిలోపలి గోడతో కాదు, బయటి రంగుతోనే మొదలైందన్నమాట. 1921లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ సీసపు తెలుపు వాడకాన్ని కట్టడి చేస్తూ ఒప్పందం తెచ్చింది. అమెరికా దానిలో చేరలేదు. ఇక్కడ నేషనల్ లెడ్ కంపెనీ డచ్ బాయ్ బొమ్మతో పిల్లలకు రంగుల పుస్తకాలు పంచుతున్న రోజులవి. 1951లో బాల్టిమోర్ నగరం ఇంటిలోపలి రంగుల్లో సీసపు తెలుపును నిషేధించింది. 1955లో పరిశ్రమ తనంత తానుగా లోపలి రంగుల్లో సీసం 1 శాతానికి మించకూడదని నియమం పెట్టుకొంది. బయటి రంగును మాత్రం వదిలేసింది. చివరికి దేశమంతటా ఇంటి రంగుల్లో సీసం 0.06 శాతం మించకూడదన్న కట్టడి 1978లో అమలులోకి వచ్చింది. 2009లో దాన్ని 0.009 శాతానికి తగ్గించారు. గిబ్సన్ వ్యాసానికి, అమెరికా నిషేధానికి మధ్య 74 ఏళ్ళు. కాలిఫోర్నియాలో కొన్ని కౌంటీలు, నగరాలు వేసిన దావాలో మూడు కంపెనీలు కలిసి 305 మిలియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకొన్నది 2019లో గాని కాదు.

పాలవంటి రంగు

సీసం పోవడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. దాని చోటును ఆక్రమించగల సరుకు అప్పటికే తయారై ఉంది. తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్ 1916 ప్రాంతంలోనే నయాగరా దగ్గర తయారవడం మొదలైంది. మన భీమునిపట్నం తీరంలో కాలికి అంటే నల్లని ఇసుకలోని ఇల్మెనైట్ నుంచే ఈ తెల్లని పొడి వస్తుందంటే వినడానికి వింతగా ఉంటుంది. విషం కాదు, సీసం కన్నా ఎన్నో రెట్లు గోడను కప్పుతుంది.

నూనె స్థానంలో నీళ్ళు వచ్చిన కథ ఇంకా రసవత్తరమైనది. 1941లో షెర్విన్ విలియమ్స్ కంపెనీ నీటితో కలుపుకొనే కెమ్‌టోన్ అనే రంగును ఇంటి లోపలి గోడలకు తెచ్చింది. యుద్ధకాలంలో కృత్రిమ రబ్బరు కోసం దేశం కర్మాగారాలు కట్టింది. యుద్ధం ముగిశాక ఆ రబ్బరు పాలతో గ్లిడెన్ కంపెనీ 1948లో స్ప్రెడ్ సాటిన్ అనే రంగు చేసింది. లేటెక్స్ రంగు అన్న మాట అప్పుడు పుట్టిందే. రబ్బరు పోయినా పేరు మిగిలింది. లోపలి గోడలకు అది బాగానే ఉంది గాని, బయట ఎండలో ఆ రబ్బరు పచ్చబడి బిరుసెక్కేది.

ఆ చిక్కు విప్పింది ఫిలడెల్ఫియాలోని రోమ్ అండ్ హాస్ కంపెనీ. ఆ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన ఆటో రోమ్ 1901లో జర్మనీలో పట్టా కోసం చేసిన పరిశోధనే అక్రిలిక్ పదార్థాల మీద. యుద్ధంలో విమానాల కిటికీలకు వాడిన ప్లెక్సీగ్లాస్ ఆ సంతతిదే. యుద్ధం అయిపోయాక విమానాల గిరాకీ పడిపోయింది. అదే అక్రిలిక్‌ను నీటిలో పాలలా చెదరగొట్టి రంగుకు పనికివచ్చేట్టు చేసి, 1953లో రోప్లెక్స్ ఏసీ-33 అన్న పేరుతో అమ్మకానికి పెట్టారు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు అక్రిలిక్ గుండా దాటిపోతాయి గాని దాన్ని పెద్దగా విరగ్గొట్టవు. సిమెంటు గోడలోని క్షారానికి అది చెడిపోదు. పైగా ఇంటి లోపలి చెమ్మను ఆవిరిగా బయటికి పోనిస్తుంది, అందువల్ల పొక్కులు లేవవు. అమెరికన్ కెమికల్ సొసైటీ 2008లో ఈ ఆవిష్కారాన్ని రసాయన శాస్త్ర చరిత్రలో ఒక మైలురాయిగా గుర్తించింది. మరుసటి ఏడే ఆ కంపెనీని డౌ కంపెనీ కొనేసింది.

అయితే కర్ర ఇళ్ళ మీద అక్రిలిక్ వెంటనే గెలవలేదు. కారణం పాత సఫేదాయే. పొడిబారిన నూనె రంగు మీద నూనె ఇంకుతుంది గాని, పాలలోని గుండ్లు ఇంకవు. పొడి మీదే నిలిచిపోయి పొరలా లేచిపోతాయి. అందుకే చాలాకాలం కింద నూనె ప్రైమరు, పైన అక్రిలిక్ అన్న రాజీ పద్ధతి నడిచింది. దక్షిణ ఫ్లోరిడాలోని పరీక్షా కంచెల మీద, మాడిసన్ ఊళ్ళో 1910 నుంచీ నడుస్తున్న ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల పరిశోధనాలయంలో ఏళ్ళ తరబడి చూశాక గాని పెయింటర్లకు నీటి రంగు మీద నమ్మకం కుదరలేదు.

నెయ్యి లేని సున్నుండ

ఇప్పుడు గాలి సంగతికి వద్దాం. 1940లలో లాస్ ఏంజెలెస్‌లో కళ్ళు మండించే పొగమంచు కమ్ముకోసాగింది. కాల్‌టెక్‌లో పనిచేసే హాగెన్-స్మిట్ అనే డచ్చి దేశస్థుడు 1950ల తొలినాళ్ళలో దాని గుట్టు విప్పాడు. గాలిలోకి ఎగిరే ఆర్గానిక్ ఆవిరులు, నత్రజని ఆక్సైడులు కలిసి ఎండలో ఉడికి ఓజోనుగా మారుతున్నాయని తేల్చాడు. ఆ ఆవిరుల్లో కార్లదీ పెట్రోలుదీ పెద్ద వాటా, రంగులదీ చెప్పుకోదగ్గదే. నూనె రంగు ఆరడం అంటే అందులోని ద్రావకం గాలిలో కలవడమే గదా. ఇటీవలి కొలతల్లో లీటరుకు 380 గ్రాముల ద్రావకం ఉన్న నూనె రంగును తీసుకుంటే, ఒక్క గ్యాలను ఆరేసరికి దాదాపు 3 పౌన్లు ఆకాశంలోకి పోయినట్టే. ఒక ఇంటికి పది గ్యాలన్లు అనుకుంటే లెక్క పాఠకులే వేసుకోవచ్చు.

1966లో లాస్ ఏంజెలెస్ కౌంటీ తెచ్చిన రూలు 66 ద్రావకాల మీద వచ్చిన తొలి కట్టడి. తరువాత ఆ ప్రాంతపు వాయు నియంత్రణ జిల్లా 1977లో ఇంటి రంగులకే ప్రత్యేకించి రూలు 1113 తెచ్చింది. దేశం మొత్తానికి ఈపీఏ నియమం 1998లో గాని రాలేదు. అది బయటి గోడల మెరుపులేని రంగుకు లీటరుకు 250 గ్రాములు, మెరుపున్న రంగుకు 380 గ్రాములు పరిమితి పెట్టింది. దక్షిణ కాలిఫోర్నియా మాత్రం ఆగలేదు. మెరుపు రంగులకు 2006లో, మెరుపులేని వాటికి 2008లో పరిమితిని 50 గ్రాములకు దించేసింది. డబ్బా మీద కనిపించే ఈ అంకె అందులోని నీటిని మినహాయించి వేసిన లెక్క అని గుర్తుంచుకుంటే రెండు డబ్బాలను పోల్చుకోవడం తేలికవుతుంది.

నీటి రంగుకు కూడా ఈ పరిమితి ఎందుకు అడ్డమైందన్నది కాస్త వివరించాలి. అక్రిలిక్ పాలలో ఉన్నవి కంటికి కనిపించనంత చిన్న గుండ్లు. నీరు ఆరగానే అవి ఒకదానికొకటి ఒత్తుకొని కలిసిపోయి పొరగా మారాలి. గుండ్లు మెత్తనివైతే సులువుగా కలుస్తాయి గాని, ఆ గోడ ఎప్పటికీ జిగటగా ఉండి దుమ్మునంతా పట్టుకుంటుంది. గట్టివైతే గోడ శుభ్రంగా ఉంటుంది గాని గుండ్లు కలవవు, పొర పగుళ్ళిస్తుంది. మన ఆడవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. నెయ్యి చాలకపోతే సున్నుండ కట్టదు. రంగుల వాళ్ళు కూడా గట్టి గుండ్లకు కాస్త నెయ్యి కలుపుతారు. ఆ నెయ్యి పేరు టెక్సనాల్ వంటి ద్రావకం. గుండ్లను తాత్కాలికంగా మెత్తబరిచి, అవి కలిశాక తాను మెల్లగా గాలిలోకి జారుకుంటుంది. చలిలో డబ్బా గడ్డకట్టకుండా, కుంచె అంచు తొందరగా ఆరిపోకుండా కలిపే గ్లైకాల్ కూడా అంతే. కాబట్టి చట్టం అడిగిందేమిటంటే, నెయ్యి లేకుండా సున్నుండ కట్టమని, అది పదేళ్ళు చెక్కుచెదరకూడదని!

కంపెనీలు గగ్గోలు పెట్టాయి, కోర్టులకెక్కాయి. వారి వాదనలో పూర్తిగా తీసిపారేయలేనిది ఒకటుంది. పదేళ్ళు నిలిచే రంగు అయిదేళ్ళకే ఊడితే, రెండుసార్లు వేయాలి. అప్పుడు గాలికి ఒరిగిందేమిటి? తొలినాటి తక్కువ ఆవిరి రంగుల్లో కొన్ని అలాగే ప్రవర్తించాయి కూడా. అయినా నా ఉద్దేశంలో గట్టి పరిమితి లేకపోతే ఎవరూ ఆ గుండ్లను తిరిగి నిర్మించే శ్రమ తీసుకునేవారు కారు. లోపల గట్టి, పైన మెత్తనైన రెండు పొరల గుండ్లు, ఆరాక తమలో తాము ముడులు వేసుకునే గుండ్లు వచ్చాయంటే ఆ ఒత్తిడి వల్లనే. 2005లో అమెరికా ప్రభుత్వపు హరిత రసాయన బహుమానం పొందిన ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లాండ్ వారి పదార్థం ముచ్చటైనది. అది వంటనూనెల నుంచి చేసిన నెయ్యి. గుండ్లను కలిపాక గాలిలోకి పారిపోక, అవిసె నూనెలా ప్రాణవాయువును పట్టుకొని పూతలోనే గట్టిపడిపోతుంది. తాతల నాటి నూనె మరో వేషంలో తిరిగి వచ్చిందన్నమాట. 2011లో షెర్విన్ విలియమ్స్‌కు సోయా నూనె, వాడిపడేసిన ప్లాస్టిక్ సీసాలు కలిపి చేసిన నీటి రంగుకు, 2013లో డౌ కంపెనీకి టైటానియం వాడకాన్ని 20 శాతం వరకు తగ్గించే పాలిమరుకు అదే బహుమానం దక్కింది.

నీటి రంగు అనగానే నిర్దోషి అనుకోనక్కర లేదు. డబ్బాలో బూజు పట్టకుండా అందులో పాదరసపు లవణం కలిపేవారు. 1989లో మిచిగాన్‌లో ఒక నాలుగేళ్ళ పిల్లవాడు జబ్బు పడ్డాడు. వాళ్ళ ఇంట్లో 17 గ్యాలన్ల రంగు వేసి, ఏసీ కోసం కిటికీలు మూసి ఉంచారు. మరుసటి ఆగస్టుకల్లా లోపలి రంగుల్లో పాదరసం ఆగిపోయింది, 1991 నాటికి బయటి రంగుల్లో కూడా.

మన ఇంటికి సంబంధించినంత వరకు

1978కి ముందు కట్టిన ఇల్లు కొనేటప్పుడు సీసం గురించిన కరపత్రం చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటారు. 1992 చట్టం ఫలితం అది. కాగితాల గుట్టలో మనం చదవకుండా సంతకం చేసేవాటిలో మొదటిది బహుశా అదే. 2010 నుంచి అలాంటి ఇళ్ళలో పాత రంగును కదిలించే కాంట్రాక్టరుకు ప్రత్యేక శిక్షణ, ధృవపత్రం ఉండాలన్న నియమం అమలులో ఉంది. సొంత ఇంటికి తానే పని చేసుకునే యజమానికి ఆ నియమం వర్తించదు. శనివారం ఉదయం గరుకు కాగితం పట్టుకొని తానే గోడ గీకే తెలుగు గృహస్థుకు చట్టం అడ్డురాదు, కాపాడదు కూడా. పొడిగా గీకడం, మంటతో కాల్చడం రెండూ ప్రమాదమే. ముందు పరీక్ష చేయించడం, తడిపి గీకడం, కింద ప్లాస్టిక్ పరచి పెచ్చులన్నీ ఎత్తడం, పిల్లల్ని, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళను ఆ రోజులకు దూరంగా ఉంచడం చేయాలి.

కొత్త రంగు కొనేటప్పుడు ఆవిరి అంకెతో పాటు నూటికి నూరు పాళ్ళు అక్రిలిక్ అన్న మాట ఉందా అని చూడాలి. ముదురు రంగు కావాలంటే దుకాణంలో కలిపే రంగుసారంలో కూడా గ్లైకాల్ ఉండవచ్చు, అడిగి తెలుసుకోవాలి. ఎండకు ఎక్కువకాలం వెలవని రంగులు మట్టి రంగులే. ఇక్కడి పాత పశువుల కొట్టాల ఎరుపు, మన గోడల జాజు ఎరుపు ఒకే ఇనుప తుప్పు. మాడిసన్ పరిశోధకులు 1990 ప్రాంతంలో తేల్చిన మరొక సంగతి: కొత్త కర్రను రంగు వేయకుండా రెండు మూడు వారాలు ఎండకు వదిలినా పైపొర చెడి, తరువాత వేసిన ఎంత మంచి రంగైనా సరిగా అతకదు. ప్రైమరు మీద ఒక్క పూత కన్నా రెండు పూతలు వేస్తే అక్రిలిక్ సుమారు రెట్టింపు కాలం నిలుస్తుందని కూడా వారి అనుభవమే.

భారతదేశంలో ఇంటి రంగుల సీసాన్ని 0.009 శాతానికి కట్టడి చేసే నిబంధనలు 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. ఊళ్ళో అమ్మానాన్నల ఇంటి కిటికీలకు, గేట్లకు అంతకుముందు వేసిన ఎనామిల్ రంగును కూడా ఇక్కడి పాత గోడలాగే చూడాలి.

చివరగా పెరటి మాట. పాత ఇంటి గోడ పక్కన, చూరు నీళ్ళు పడే చోట, వెచ్చగా ఉంటుందని గోంగూర, తోటకూర వేస్తుంటాం. దశాబ్దాల సఫేదా పొడి చేరింది ఆ రెండు మూడడుగుల మట్టిలోనే. సీసం మట్టిలో కుళ్ళదు, కరగదు. చాలా రాష్ట్రాల్లో యూనివర్సిటీల వ్యవసాయ విస్తరణ కేంద్రాలు కొద్ది రుసుముకు మట్టి పరీక్ష చేసి పెడతాయి. ఫలితం వచ్చేదాకా ఆ పాదును గోడకు దూరంగా, బయటి నుంచి తెచ్చిన మట్టి నింపిన పెట్టెలో పెట్టుకోవచ్చు. గోడ పక్కన మట్టి కనపడకుండా గడ్డో, పూలమొక్కలో వేస్తే చాలు.